143 హెచ్చరికలు: పాత షెల్ స్క్రిప్టును బాగుచేసే పని ఎక్కడ మొదలుపెట్టాలి

బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి ఉన్న ఆఫీసుల్లో పైకి కనిపించే సాఫ్ట్‌వేర్ ఎంత కొత్తదైనా, దాని వెనుక అర్ధరాత్రి దాటాక ఎవరూ చూడని వేళ నడిచే పాత షెల్ స్క్రిప్టు సాధారణంగా ఒకటి ఉంటుంది. కంప్యూటరు ఒకదాని తరువాత ఒకటి నడపవలసిన కమాండ్‌లు రాసిన ఫైలే స్క్రిప్టు, దాన్ని చదివి నడిపే ప్రోగ్రామే షెల్. బెళ్ళందూరులో మేము పనిచేసే చోట అది రాత్రి 2 గంటలకు మొదలయ్యే బ్యాకప్ స్క్రిప్టు. ఆరు వందల పైచిలుకు వరుసలున్న ఆ స్క్రిప్టును మొదట రాసిన గుంటూరు ఆయన ఉద్యోగం మారి చెన్నై వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. ఆ తరువాత చేయి వేసినవాళ్లంతా తమకు కావలసిన చోట నాలుగు వరుసలు చేర్చి, మిగతాదాన్ని ముట్టుకోకుండా వదిలేశారు. సర్వర్లు మార్చవలసి వచ్చి, షెల్ స్క్రిప్టుల్లో తప్పులను వెతికే షెల్‌చెక్ అనే పనిముట్టు చేత దాన్ని బ్యాష్ (షెల్‌లో ఒక రకం) స్క్రిప్టుగా చదివిస్తే 143 హెచ్చరికలు వచ్చాయి. మా జట్టులో అందరికన్నా చిన్నవాడు, కడప నుంచి వచ్చి మారతహళ్లిలో పీజీలో ఉంటున్న కుర్రాడు ఆ జాబితా చూసి, "అన్నా, శుక్రవారం సాయంత్రానికి సున్నా చేసేస్తా" అన్నాడు. ఆ పనికి మూడు వారాలు పట్టింది. అంతకాలం పట్టడం న్యాయమేనని నేను నమ్ముతున్నాను గనుక, ఆ మూడు వారాల్లో ఏం చేశామో, ఏ వరుసలో చేశామో, ఎందుకలా చేశామో ఇక్కడ వివరిస్తాను.

స్టాటిక్ అనాలిసిస్ అంటే ప్రోగ్రామును నడపకుండా, దాని పాఠాన్ని మాత్రమే చదివి, తప్పు జరగడానికి అవకాశమున్న చోట్లను చూపించడం. ఈ రకం పనిముట్లకు మూలపురుషుడు లింట్. బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ 1978 ప్రాంతంలో సి భాష కోసం దాన్ని రాశారు. బట్టకు అంటుకుని ఉండే నూలుపీచును ఇంగ్లీషులో లింట్ అంటారు, అలాంటి పీచును ఏరి చూపించే ప్రోగ్రాము కాబట్టి దానికా పేరు. అది 1979లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఏడవ ఎడిషన్‌తో పాటు బయటి ప్రపంచానికి అందింది. స్టీవ్ బోర్న్ రాసిన షెల్ కూడా అదే ఎడిషన్‌తో వచ్చింది. నేటి బ్యాష్ దాని వారసత్వమే. షెల్ భాషను ఇంత లోతుగా చదివే పనిముట్టు మాత్రం చాలాకాలం తరువాత వచ్చింది: విడార్ హోలెన్ హాస్కెల్ భాషలో రాసిన షెల్‌చెక్ 2012 నాటిది. అంతకుముందు చాలామంది వాడినది బ్యాష్‌కే ఉన్న వ్యాకరణ పరీక్ష, అదీ వాడితే. ఆ పరీక్ష ముగింపు లేని షరతులనూ, మూయని కోట్‌లనూ పట్టుకుంటుంది గాని, వ్యాకరణం సరిగానే ఉండి అర్థం వేరైన వరుసను పట్టుకోలేదు. షెల్‌లో ప్రమాదమంతా ఆ రెండో రకం వరుసల్లోనే ఉంటుంది.

ఇక్కడ ఒక మూలసూత్రం చెప్పుకోకపోతే మిగతా చర్చ అర్థం కాదు. ఏ ప్రోగ్రామునైనా తీసుకుని అది ఎప్పటికైనా ఆగుతుందో లేదో తప్పకుండా తేల్చగల పద్ధతి ఉండదని 1936లో అలన్ ట్యూరింగ్ నిరూపించారు. ప్రోగ్రాముల ప్రవర్తనకు సంబంధించిన నిజమైన ప్రశ్న ఏదైనా సరే, అన్ని ప్రోగ్రాములకూ వర్తించేలా యంత్రం తేల్చలేదని 1953లో హెన్రీ గోర్డన్ రైస్ ఆ ఫలితాన్ని విస్తరించారు. ఇందువల్ల ఏ పరిశీలక పనిముట్టయినా ఏదో ఒక వైపు ఒరగక తప్పదు: కొన్ని నిజమైన తప్పులను వదిలేయాలి, లేదా తప్పు కాని చోట కూడా వేలు చూపాలి. చాలా పనిముట్లు రెండూ కొంచెం కొంచెంగా చేస్తాయి. అంటే హెచ్చరిక వచ్చినంత మాత్రాన అక్కడ తప్పు జరిగినట్టు కాదు, "ఇక్కడ రాసినవారి ఉద్దేశం నాకు తెలియడం లేదు, మీకు తెలుసా?" అని అడిగినట్టు. ఆ ప్రశ్నకు జవాబు స్క్రిప్టు పాఠంలో ఉంటే పనిముట్టే చెప్పుకునేది. జవాబు రాసినవారి మనసులోనో, సర్వరు అమరికలోనో, పక్క ఫైల్లోనో ఉంటుంది గనుకనే మనిషి కావలసి వస్తుంది.

జవాబు వెతకకుండా హెచ్చరికను మాయం చేస్తే ఏమవుతుందో చెప్పడానికి డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో జరిగినదాన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే గుప్తలేఖన లైబ్రరీలో, విలువ నింపని మెమరీని వాడుతున్నారని వాల్‌గ్రైండ్ అనే పనిముట్టు ఫిర్యాదు చేస్తుండేది. వాల్‌గ్రైండ్ ప్రోగ్రామును నడిపించి చూసేది గనుక స్టాటిక్ అనాలిసిస్ కిందికి రాదు, కాని నీతి ఒకటే. 2006లో డెబియన్ ప్యాకేజీలో ఆ ఫిర్యాదును ఆపడానికి రెండు వరుసలను తీసేశారు. రెండు వరుసలూ చూడడానికి ఒకేలా ఉంటాయి. వాటిలో ఒకటి ఉన్నా లేకపోయినా నష్టం లేదు. రెండోది మాత్రం యాదృచ్ఛిక సంఖ్యల తయారీలోకి బయటి అనిశ్చితినంతా చేర్చే వరుస. అది పోవడంతో గుప్తలేఖనానికి వాడే తాళపుచెవుల తయారీలో మారుతూ ఉండేదిగా, నడిచే ప్రతి ప్రోగ్రాముకూ ఇచ్చే ప్రాసెస్ సంఖ్య ఒక్కటే మిగిలింది. లినక్స్‌లో మామూలుగా దాని గరిష్ఠ పరిమితి 32,768. ఒక రకం యంత్రంలో, ఒక రకం, ఒక పరిమాణం గల తాళపుచెవికి ఉండగల విలువలన్నీ కూర్చుని లెక్కపెట్టగలిగినన్నే అయ్యాయి. లుచియానో బెల్లో దీన్ని కనిపెట్టాక 2008 మే 13న డెబియన్ ప్రకటన వెలువడింది. అప్పటిదాకా ఆ యంత్రాల మీద తయారైన తాళపుచెవులను లోకమంతటా పారేసి మళ్లీ చేసుకోవలసి వచ్చింది. ఆ మార్పు చేసినవారు నిర్లక్ష్యంగా చేయలేదు, ముందుగా అడిగే చేశారు. కాని ఒకే రకం ఫిర్యాదుకు రెండు చోట్లా ఒకే జవాబు సరిపోతుందనుకోవడంలో పొరపాటు జరిగింది. మా 143 హెచ్చరికల్లో 88 ఒకే కోడ్‌వి, అంటే ఒకే రకానివి, అయినప్పుడు నాకు మొదట గుర్తుకొచ్చింది ఈ సంగతే.

ముట్టుకునే ముందు

పాత స్క్రిప్టుకు పరీక్షలుండవు. పరీక్షలు లేకుండా మార్చడమంటే కళ్లు మూసుకుని చెరువు దాటడమే. అందుకని హెచ్చరికల జాబితాను పక్కన పెట్టి, స్క్రిప్టు ఇప్పుడు ఏం చేస్తోందో, మంచైనా చెడైనా, దాన్ని నమోదు చేసుకునే ఏర్పాటు ముందు చేశాము. షెల్ స్క్రిప్టు విషయంలో ఇది అనుకున్నంత కష్టం కాదు, ఎందుకంటే షెల్ స్వయంగా చేసే పని తక్కువ. ఫైళ్లను కాపీ చేసే ఆర్‌సింక్, తుడిచే ఆర్‌ఎమ్, ఇంకా టార్, ఎస్‌ఎస్‌హెచ్ వంటి ఇతర ప్రోగ్రాములను పిలిచి వాటికి ఆర్గ్యుమెంట్లు (ఏ ఫైలు, ఎలా అన్న వివరాలు) అందించడమే దాని ప్రధాన వృత్తి. కాబట్టి ఒక ఫోల్డరులో అవే పేర్లతో ఉత్తుత్తి ప్రోగ్రాములు పెట్టి, తమకు ఎన్ని ఆర్గ్యుమెంట్లు అందాయో, ఒక్కొక్కటి ఏమిటో విడివిడి వరుసల్లో రాసి ఊరుకునేలా చేసి, ఆ ఫోల్డరును, ప్రోగ్రాములను ఎక్కడ వెతకాలో షెల్‌కు చెప్పే పాత్ వేరియబుల్‌లో (వేరియబుల్ అంటే విలువ దాచుకునే పేరు) అన్నిటికన్నా ముందుంచితే, స్క్రిప్టు ఎవరికి ఏం చెప్పబోతోందో పూర్తి పట్టిక వస్తుంది. మార్పుకు ముందు ఒక పట్టిక, తరువాత ఒక పట్టిక తీసి పోల్చితే, మనం ఉద్దేశించిన తేడా తప్ప మరొకటి కనిపించకూడదు.

ఇందులో రెండు గోతులున్నాయి. పాత స్క్రిప్టుల్లో కొన్ని కమాండ్‌లను పూర్తి దారితో, అంటే ఫోల్డరు పేరుతో సహా, పిలుస్తారు. అలా పిలిచినప్పుడు షెల్ పాత్ వేరియబుల్‌ను చూడదు గనుక ఉత్తుత్తి ఆర్‌ఎమ్ బదులు అసలు ఆర్‌ఎమ్ నడుస్తుంది. రెండవది, ఒక ఫైలులోకి రాయమని బాణం గుర్తుతో చెప్పిన వరుసలు ఎవరి చేతిలోనూ లేకుండా నిజంగానే రాసేస్తాయి. కాబట్టి ఈ ప్రయోగాన్ని పారేయడానికి వీలైన వర్చువల్ మెషీన్‌లోనో కంటైనర్‌లోనో తప్ప చేయకూడదు. పరీక్ష కోసం పెట్టే ఫైళ్లు కూడా మంచి నడవడి గలవి కాకూడదు: పేరులో ఖాళీ ఉన్న ఫైలు ఒకటి, నక్షత్రం గుర్తు ఉన్నది ఒకటి, అడ్డగీతతో మొదలయ్యేది ఒకటి, ఖాళీ ఫోల్డరు ఒకటి, అసలు లేని ఫోల్డరు ఒకటి ఉండాలి. మొదటి వారమంతా దీనికే సరిపోయింది. ఒక్క హెచ్చరిక కూడా తగ్గలేదు. కుర్రాడికి అది నచ్చలేదని ముఖంలో తెలిసింది, కాని ఆ వారం లేకపోతే మిగతా రెండు వారాలూ ఊహలతో గడిచేవి.

స్క్రిప్టును ఏ షెల్ నడపాలో చెప్పే దాని మొదటి వరుస సంగతి కూడా ఈ దశలోనే తేల్చుకోవాలి. షెల్‌చెక్ ఆ వరుసను చూసే ఇది సాదా షెల్ స్క్రిప్టా, బ్యాష్ స్క్రిప్టా అని నిర్ణయించుకుంటుంది. మా స్క్రిప్టు తనను సాదా షెల్ అని చెప్పుకుంటూ లోపల బ్యాష్‌కు మాత్రమే తెలిసిన సౌకర్యాలు వాడుతోంది. పాత సర్వరులో రెండు పేర్లూ బ్యాష్‌కే దారితీసేవి గనుక ఇన్నేళ్లూ చెల్లింది. ఉబుంటు అనే లినక్స్‌లో 2006 నాటి 6.10 నుంచి సాదా షెల్ పేరు (ఎస్‌హెచ్) డ్యాష్ అనే వేరే షెల్‌కు దారితీస్తుంది గనుక కొత్త సర్వరులో చెల్లదు. మొదటి వరుసలో బ్యాష్ అని రాయగానే, ఒక షెల్‌లో ఉండి మరో షెల్‌లో లేని సౌకర్యాల గురించి షెల్‌చెక్ 3000 శ్రేణి సంఖ్యలతో ఇచ్చే హెచ్చరికలన్నీ పోతాయి. అయితే చెప్పిన వేళకు స్క్రిప్టులను మొదలుపెట్టే క్రాన్ పట్టికలో "ఎస్‌హెచ్" అని రాసి ఆ పక్కన స్క్రిప్టు పేరు ఇచ్చి ఉంటే, మొదటి వరుసను ఎవరూ పట్టించుకోరు. అది వట్టి వ్యాఖ్యగా మిగిలిపోతుంది. పనిముట్టుకు క్రాన్ పట్టిక కనిపించదు. మా దగ్గర సరిగ్గా అలాగే రాసి ఉంది, ముందుగా దాన్ని సరిచేశాము.

88 చోట్ల ఒకే ప్రశ్న

షెల్‌చెక్ ప్రతి హెచ్చరికకూ ఒక సంఖ్య ఇస్తుంది: 1000 శ్రేణిలోవి పాఠాన్ని చదవడంలో వచ్చిన చిక్కులు, 2000 శ్రేణిలోవి అర్థానికి సంబంధించినవి, 3000 శ్రేణిలోవి ఒక షెల్‌లో ఉండి మరో షెల్‌లో లేని సౌకర్యాలు. మొదటి వరుసను సరిచేశాక కూడా వచ్చిన ఈ 143 హెచ్చరికలను సంఖ్యల వారీగా లెక్కపెడితే, 88 ఎస్‌సీ2086, 17 ఎస్‌సీ2034, మిగిలిన 38 పది రకాల కోడ్‌ల కింద వచ్చాయి.

ఎస్‌సీ2086 అడిగేది ఇది: ఈ వేరియబుల్ చుట్టూ డబుల్ కోట్స్ ఎందుకు లేవు? కోట్స్ లేకపోతే షెల్ ఆ వేరియబుల్ విలువను ఉన్నదున్నట్టు అందించదు. ముందు ఖాళీ, ట్యాబ్, కొత్త వరుస గుర్తు ఉన్న చోటల్లా ముక్కలు చేస్తుంది; తరువాత ప్రతి ముక్కలోనూ నక్షత్రం, ప్రశ్నార్థకం వంటి గుర్తులున్నాయేమో చూసి, ఉంటే వాటికి సరిపోయే ఫైలు పేర్లుగా విస్తరిస్తుంది. మార్కెటింగ్ వాళ్లు "ఉగాది ఆఫర్ ఫైనల్.పీడీఎఫ్" అని పేరు పెట్టిన ఫైలు మన స్క్రిప్టు చేతికి వచ్చేసరికి ఉగాది ఒకటి, ఆఫర్ ఒకటి, ఫైనల్.పీడీఎఫ్ ఒకటిగా మూడు ఆర్గ్యుమెంట్లవుతుంది. కాపీ చేయమంటే మూడూ దొరకలేదంటుంది. తుడిచేయమన్నప్పుడు ఆఫర్ అనే పేరుతో నిజంగానే వేరే ఫైలుంటే అది పోతుంది. ఇన్నేళ్లు ఏమీ కాలేదంటే, ఇన్నేళ్లు ఆ ఫోల్డరులోకి అలాంటి పేరు రాలేదని మాత్రమే అర్థం.

దీనికి మందు సులభం, కోట్స్ పెట్టడమే. పైగా షెల్‌చెక్‌ను డిఫ్ రూపంలో ఫలితం ఇవ్వమంటే తానే కోట్స్ పెట్టిన ప్యాచ్ (చేయవలసిన మార్పుల ఫైలు) తయారుచేసి ఇస్తుంది. కుర్రాడి శుక్రవారం లెక్క దాని మీద ఆధారపడి చెప్పిందే. ఆ ప్యాచ్‌ను మొత్తంగా వేసి, ఉత్తుత్తి ప్రోగ్రాముల పట్టికలు పోల్చి చూశాము. 88లో 79 చోట్ల కోట్స్ పెట్టడం సరైనదే. 9 చోట్ల స్క్రిప్టు విరిగింది.

ఆ 9లో 6 ఒక రకం. ఆర్‌సింక్‌కు ఇవ్వవలసిన ఆప్షన్‌లు మూడు నాలుగింటిని మధ్యలో ఖాళీలతో ఒకే వేరియబుల్‌లో పెట్టుకుని, అవసరమైన చోట ఆ వేరియబుల్‌ను కోట్స్ లేకుండా వాడారు. ఇక్కడ ముక్కలు కావడమే రాసినాయనకు కావలసింది. కోట్స్ పెడితే మొత్తం కలిసి ఒకే పొడవైన ఆప్షన్‌గా వెళ్లి, అలాంటి ఆప్షన్ నాకు తెలియదని ఆర్‌సింక్ ఆగిపోతుంది. వేరియబుల్ ఖాళీగా ఉన్న సందర్భం ఇంకొక చిక్కు: కోట్స్ లేనప్పుడు ఖాళీ వేరియబుల్ పూర్తిగా మాయమవుతుంది, కోట్స్ ఉంటే అక్షరాలేవీ లేని ఆర్గ్యుమెంటు ఒకటి నిజంగానే అందుతుంది. ఇలాంటి చోట కోట్స్ తీసేసి హెచ్చరికను నొక్కేయడమూ సరికాదు, ఎందుకంటే రేపు ఆ ఆప్షన్‌లలో ఒకదానికి ఖాళీ ఉన్న దారి ఇవ్వవలసి వస్తే పాత జబ్బే తిరగబెడుతుంది. బ్యాష్‌లో అర్రే ఉన్నది ఇందుకే: ఒక్కో ఆప్షన్ ఒక్కో అంశంగా అర్రేలో పెట్టి, మొత్తం అర్రేను కోట్స్‌తో విస్తరిస్తే, ఎన్ని అంశాలుంటే అన్ని ఆర్గ్యుమెంట్లు, ఏదీ ముక్కలు కాకుండా వెళ్తాయి, ఏమీ లేకపోతే ఏమీ వెళ్లదు. ఆరు చోట్లా అలా మార్చాము.

మిగిలిన 3 మరింత ప్రమాదకరమైనవి, ఎందుకంటే అవి విరిగినా చప్పుడు కాదు. పాత లాగ్ ఫైళ్లను తుడిచే చోట నక్షత్రం గుర్తున్న నమూనాను వేరియబుల్‌లో పెట్టి ఆర్‌ఎమ్‌కు బలవంతపు ఆప్షన్‌తో ఇచ్చారు. కోట్స్ పెట్టగానే నక్షత్రం విస్తరించడం మానేసి, అచ్చంగా నక్షత్రం పేరులో ఉన్న ఒక ఫైలు కోసం ఆర్‌ఎమ్ వెతుకుతుంది. అలాంటి ఫైలు ఉండదు. బలవంతపు ఆప్షన్ ఉన్నప్పుడు లేని ఫైలును తుడవమన్నా ఆర్‌ఎమ్ ఒక్క మాట అనదు, విజయవంతమైనట్టే తిరిగివస్తుంది. స్క్రిప్టు రోజూ నవ్వుతూ ముగుస్తుంది, లాగ్‌లు పేరుకుంటాయి, కొన్ని నెలలకు డిస్క్ నిండి మరెవరి ఫోనో రాత్రిపూట మోగుతుంది. ఆ రోజు ఈ ప్యాచ్ ఎవరికీ గుర్తుండదు. ఆ మూడు చోట్లా వేరియబుల్‌ను కోట్స్ లేకుండానే ఉంచి, పై వరుసలో షెల్‌చెక్‌ను ఆ ఒక్క కోడ్‌కు మాత్రం ఊరుకోమని చెప్పే వ్యాఖ్య పెట్టి, దాని పక్కన కారణం రాశాము.

ఈ లెక్కను ఇంత వివరంగా చెప్పడానికి కారణముంది. పదింట తొమ్మిదికి దగ్గరగా సరైన ప్యాచ్ చూస్తే ఎవరికైనా నమ్మకం కలుగుతుంది, ఆ నమ్మకంతోనే మిగిలిన వరుసల మీద కన్ను నిలవదు.

తుడిచే వరుసలు, దాక్కున్న వైఫల్యాలు

సంఖ్యలో ఎక్కువైన ఎస్‌సీ2086 గురించి ముందు చెప్పాను గాని, మేము మొదట బాగుచేసినవి అవి కావు. ఏదైనా తుడిచే, లేదా మరొకదాని మీద తిరగరాసే వరుసలకు దగ్గరలో ఉన్న హెచ్చరికలను ముందు తీసుకున్నాము. షెల్‌చెక్ తన హెచ్చరికలకు ఎర్రర్, వార్నింగ్, ఇన్ఫో, స్టైల్ అని నాలుగు స్థాయిలు ఇస్తుంది. అవి ఆ రకం తప్పు సాధారణంగా ఎంత తీవ్రమో చెబుతాయి గాని, మన స్క్రిప్టులో ఆ వరుస చేతిలో ఏముందో వాటికి తెలియదు. లాగ్‌లో ఒక మాట రాసే వరుసలోని హెచ్చరికా, గత నెల బ్యాకప్‌లను తుడిచే వరుసలోని హెచ్చరికా ఒకే స్థాయిలో కనిపిస్తాయి.

ఈ తరగతిలో ముఖ్యమైనది ఎస్‌సీ2164. సీడీ కమాండ్‌తో ఒక ఫోల్డరులోకి వెళ్లి, ఆ తరువాత వరుసలో అక్కడి ఫైళ్లను తుడుస్తారు. సీడీ విఫలమైతే ఏమిటన్నది ప్రశ్న. ఏ కమాండ్ విఫలమైనా ఆగిపొమ్మనే సెట్ ఈ వర్తించని చోట షెల్ ఆగదు, ఉన్న చోటే ఉండి తరువాతి వరుసకు వెళ్తుంది. క్రాన్ పిలిచిన స్క్రిప్టు మొదలయ్యేది ఆ యూజర్ హోమ్ ఫోల్డరులో గనుక, మౌంట్ కాని డిస్క్‌లోకి సీడీ విఫలమైన రాత్రి తుడిచివేత హోమ్‌లో జరుగుతుంది. సీడీ కుదరకపోతే అక్కడితో ఆపమని రెండు నిలువు గీతలూ ఎగ్జిట్‌తో చెప్పడమే దీనికి జవాబు, దీనిలో తర్జనభర్జన లేదు.

ఎస్‌సీ2115 దీనికి అన్న. 2015 జనవరిలో లినక్స్ మీది స్టీమ్ అనే ఆటల సాఫ్ట్‌వేర్ విషయంలో బయటపడిన సంగతి దీనికి అచ్చమైన సాక్ష్యం. స్టీమ్ ఉన్న ఫోల్డరును సీడీతో కనుక్కుని వేరియబుల్‌లో పెట్టి, ఆ వేరియబుల్ వెనుక ఏటవాలు గీత, నక్షత్రం చేర్చి ఆర్‌ఎమ్‌కు ఇచ్చే వరుస దాని షెల్ స్క్రిప్టులో ఉండేది. ఫోల్డరును వేరే చోటికి జరిపిన ఒక వాడుకరి దగ్గర సీడీ విఫలమై వేరియబుల్ ఖాళీగా మిగిలింది. ఏటవాలు గీతా నక్షత్రమూ మాత్రమే మిగిలిన ఆ వరుస అతని యాజమాన్యంలో ఉన్న ఫైళ్లన్నింటినీ, తగిలించి ఉన్న బయటి డిస్క్‌తో సహా తుడిచేసింది. ఆ వరుస దగ్గర భయంగా ఉందన్న అర్థం వచ్చే ఒక్క మాట వ్యాఖ్య కూడా రాసి ఉంది. అక్కడ వేరియబుల్‌కు కోట్స్ సరిగ్గానే ఉన్నాయన్నది గమనించాలి. కోట్స్ ముక్కలు కాకుండా కాపాడతాయి, ఖాళీ నుంచి కాపాడవు. వేరియబుల్ పేరు వెనుక కర్లీ బ్రాకెట్లలో కోలన్, ప్రశ్నార్థకం చేరిస్తే, విలువ ఖాళీగా ఉన్నప్పుడు స్క్రిప్టు ఆ వరుస దగ్గరే ఆగిపోతుంది; షెల్‌చెక్ సూచించేది అదే.

దాక్కున్న వైఫల్యాల్లో ఎస్‌సీ2155 నాకు బాగా పాఠం నేర్పింది. ఫంక్షన్ లోపల ఒకే వరుసలో లోకల్ అని వేరియబుల్‌ను ప్రకటించి, అక్కడికక్కడే ఒక కమాండ్ ఫలితాన్ని అందులో పెడితే, ఆ కమాండ్ విఫలమైనా వరుస విజయవంతమైనట్టే లెక్క, ఎందుకంటే షెల్ చూసేది లోకల్ తిరిగిచ్చిన ఫలితాన్ని. ప్రకటన ఒక వరుస, విలువ పెట్టడం మరో వరుస చేయమంటుంది షెల్‌చెక్. ఎంతో సహేతుకమైన సలహా. మా స్క్రిప్టు మధ్యలో లోపలికి తీసుకునే ఇంకో ఫైలులో, ఆ తరువాత ఏ కమాండ్ విఫలమైనా ఆగిపోవాలని సెట్ ఈ అని రాసి ఉంది. ఒక చోట లాగ్‌లో ఎర్రర్ అన్న మాట ఎన్ని వరుసల్లో ఉందో గ్రెప్‌తో లెక్కపెట్టి లోకల్ వేరియబుల్‌లో పెడుతున్నారు. దాన్ని రెండు వరుసలుగా విడదీశాము. ఆ మాట ఒక్క చోటైనా దొరికితే గ్రెప్ విజయమంటుంది; ఒక్కటీ దొరకకపోతే సున్నా అని అచ్చువేసి, 1 అనే ఫలితంతో, అంటే షెల్ దృష్టిలో వైఫల్యంతో, తిరిగివస్తుంది. పాత రూపంలో లోకల్ ఆ వైఫల్యాన్ని మింగేసేది. కొత్త రూపంలో లాగ్‌లో ఎర్రర్‌లు ఏవీ లేని మంచి రాత్రే స్క్రిప్టు మధ్యలో ఆగిపోతుంది.

ఇది మా పరీక్షా పట్టికలో దొరికింది, లేకపోతే కొత్త సర్వరులో దొరికేది. దీనికి జవాబు పాత రూపానికి తిరిగిపోవడం కాదు. గ్రెప్ 1 ఇస్తే దొరకలేదని అర్థం, అది సమ్మతమే. 2 ఇస్తే లాగ్ ఫైలే లేదనో చదవలేకపోయాననో అర్థం, అది నిజమైన వైఫల్యం. ఈ రెంటినీ విడదీసి రాశాక ఆ ఫంక్షన్ ఐదు వరుసలు పెరిగింది, ఇన్నాళ్లూ లాగ్ ఫైలు లేని రోజును కూడా ఎర్రర్‌లు లేని రోజుగానే లెక్కపెట్టేస్తున్నారని తెలిసింది.

మరొకటి ఇన్ఫో స్థాయిలోనే కూర్చుని ఉంది: ఎస్‌సీ2030, దాని జంట ఎస్‌సీ2031. సర్వర్ల జాబితాను క్యాట్‌తో చదివి, ఒక కమాండ్ ఫలితాన్ని మరోదానికి అందించే పైపు గుండా, ఒక్కో పేరుకూ తిరిగి నడిచే వైల్ లూప్‌లోకి పంపి, లోపల విఫలమైనవాటిని ఒక వేరియబుల్‌లో లెక్కపెట్టి, లూప్ తరువాత ఆ లెక్కను మెయిల్‌లో పంపుతున్నారు. బ్యాష్ మామూలుగా పైపుకు కుడి పక్కనున్న భాగాన్ని వేరే ఉపషెల్‌లో (తన నకలులో) నడుపుతుంది. అక్కడ పెరిగిన లెక్క ఆ ఉపషెల్‌తోనే పోతుంది. అంటే ప్రతి ఉదయం మాకు వచ్చే మెయిల్‌లో "విఫలమైనవి: 0" అని ఉండడానికి బ్యాకప్‌లు బాగుండడం కారణం కాదు. పైపు తీసేసి, లూప్ చివర జాబితా ఫైలును నేరుగా అందించగానే మెయిల్‌లో తొలిసారి వేరే అంకె కనిపించింది. హెచ్చరికలు తగ్గించే పనిలో మాకు దక్కిన అతి విలువైన ఫలితం ఇదేనని చెబుతాను, అది కూడా చాలామంది వడపోతలో పక్కన పెట్టే స్థాయిలో దొరికింది.

మిగిలిన రకాల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. వెనుక వాలిన కోట్‌ల బదులు డాలరూ కుండలీకరణాలూ వాడమనే ఎస్‌సీ2006, రీడ్‌కు ఆర్ ఆప్షన్ ఇవ్వమనే ఎస్‌సీ2162, అనవసరపు క్యాట్‌ను ఎత్తిచూపే ఎస్‌సీ2002 వంటివి రెండు పూటల్లో అయిపోయాయి. ఒక్కో కోడ్‌కు ఒక్కో కమిట్ (విడిగా నమోదయ్యే మార్పు) చేయడం మాత్రం ఎక్కడా తప్పలేదు; ఏ రాత్రయినా ఏదైనా చెడితే, ఏ ప్రశ్నకు తప్పు జవాబు చెప్పామో వెతుక్కోవడానికి అదొక్కటే దారి. ఇండెంటేషన్ సర్దుబాటును ఈ కమిట్‌లలో కలపనివ్వలేదు.

ఇకమీదట పెరగకుండా ప్రతి కమిట్‌కూ షెల్‌చెక్ నడిచేలా పెట్టాము. అక్కడ రెండు నిర్ణయాలు ఆలోచించి తీసుకోవాలి. హద్దును వార్నింగ్ స్థాయిలో పెడితే పైన చెప్పిన కోట్స్ ప్రశ్నా ఉపషెల్ ప్రశ్నా రెండూ జారిపోతాయి, కాబట్టి ఇన్ఫో వరకు దించాము. షెల్‌చెక్ వెర్షన్‌ను కూడా ఒకదానికి బిగించాము. కొత్త వెర్షన్‌లలో కొత్త పరీక్షలు చేరుతుంటాయి, ఎవరూ ఏమీ మార్చని రోజున ఆ పరీక్ష విఫలమై బిల్డ్ ఎర్రబారితే జనం మొదట చేసే పని స్క్రిప్టు మొదటి వరుస కింద అన్నిటినీ ఊరుకోమనే వ్యాఖ్య పెట్టడం. అలా ఫైలు మొత్తానికి నోరు నొక్కడం నాకు సమ్మతం కాదు. రేపు రాబోయే నిజమైన తప్పు నోరు కూడా దానితో మూసుకుపోతుంది.

వాడని వేరియబుల్

చివరికి ఎస్‌సీ2034 మిగిలింది: 17 వేరియబుల్స్‌కు విలువ ఇచ్చారు గాని ఎక్కడా వాడినట్టు లేదు. తీసేయడానికి ఇంతకన్నా తేలికైనవి ఉండవనిపిస్తుంది. అయితే పక్కనే ఎస్‌సీ1090 ఒకటి ఉంది: స్క్రిప్టు మధ్యలో మరో ఫైలును లోపలికి తీసుకుంటోంది, ఆ ఫైలు దారి వేరియబుల్‌లో ఉంది గనుక షెల్‌చెక్ దాన్ని వెంబడించలేకపోయింది. ఆ ఫైలు ఏదో వ్యాఖ్య రూపంలో చెప్పి, బయటి ఫైళ్లను కూడా చదవమనే ఆప్షన్ ఇవ్వగానే 17లో 14 వాటంతట అవే పోయాయి. ఆ వేరియబుల్స్ వాడుక ఆ రెండో ఫైలులో ఉంది. మిగిలిన మూడింటిలో రెండు ఒకే పొరపాటుకు చెందినవి: విలువ ఇచ్చిన చోట పేరు ఒక రకంగా, వాడిన చోట ఒక అక్షరం తేడాతో మరో రకంగా ఉంది, విలువ లేని పేరు వాడుతున్నారని ఎస్‌సీ2154 కూడా అదే చోట చెబుతోంది. రెండు హెచ్చరికలను కలిపి చదివితే తప్ప అది అక్షరదోషమని తెలియదు; తీసేసి ఉంటే ఆ ఆధారం పోయేది.

ఆఖరిది, బ్యాకప్‌లను ఎన్ని రోజులు ఉంచాలో చెప్పే అంకె. స్క్రిప్టులో గాని, అది తీసుకునే ఫైలులో గాని దాన్ని ఎవరూ వాడడం లేదు. "అన్నా, ఇది మాత్రం ఎక్కడా లేదు, వెతికి చూశాను, తీసేయనా?" అని కుర్రాడు అడిగాడు. వెతికాడన్నది నిజమే. అయినా చెన్నైలో ఉన్న గుంటూరు ఆయనకు ఫోను చేశాము. ఆయన వెంటనే గుర్తుపట్టి, "అది తీయకండి నాయనా, నెలాఖరు సర్వరులో ఇంకో స్క్రిప్టు ఉంది, అది మీ ఫైలులో ఆ వరుసను గ్రెప్‌తో వెతికి అంకె తీసుకుంటుంది, దొరక్కపోతే సున్నా రోజులు అనుకుంటుంది" అన్నారు. సున్నా రోజులంటే ఏదీ ఉంచకపోవడం. ఇప్పుడు ఆ వరుస పైన కుర్రాడు రాసిన వ్యాఖ్య ఉంది, ఎస్‌సీ2034ను ఆ ఒక్క చోట ఊరుకోమని చెబుతూ, ఆ నెలాఖరు సర్వరు పేరూ, అక్కడి స్క్రిప్టు పేరూ, అందులో గ్రెప్ ఉన్న వరుస సంఖ్యా ఇస్తూ.